లేత రంగు కడితే జ్వరం వచ్చినట్టు కనిపిస్తున్నాను. నాకు నప్పే రంగులు ఎలా పట్టుకోవాలి?

గోదారిగట్టు:

అందరికీ నమస్కారం. పైకి చిన్న విషయమే కానీ రెండు నెలలుగా బుర్ర తినేస్తోంది. అందుకే ఇక్కడ పెడుతున్నాను.

మాది రాజమండ్రి. నాకు 36 ఏళ్లు. ఒక ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను. పెళ్లిచూపులప్పుడు చామనఛాయ అని రాశారు గానీ, నిజం చెప్పాలంటే దానికి ఒక మెట్టు కిందే. జుట్టు బాగా నలుపు. కళ్ల కింద నల్లటి వలయాలు కాలేజీ రోజుల నుంచీ ఉన్నాయి. నిద్రతో సంబంధం లేదు, మా అమ్మకీ అంతే.

మొన్న శ్రావణంలో మా తమ్ముడి నిశ్చితార్థం అయింది. దాని కోసం ఉల్లిపొట్టు రంగు పట్టుచీర కొన్నాను, సన్నటి వెండి జరీ అంచుతో. షాపులో కుర్రాడు భుజం మీద వేసి అద్దం ముందు నిలబెడితే ఇంక వేరే చీర చూడబుద్ధి కాలేదు. చీరతో వచ్చిన జాకెట్టు ముక్కే కుట్టించాను. ఆ రోజు పార్లర్ అమ్మాయిని ఇంటికి పిలిపించి మేకప్ కూడా వేయించుకున్నాను. తీరా హాల్లోకి వెళ్తే మా పిన్ని "ఏమే, ఒంట్లో బాలేదా?" అంది. కాసేపాగి మళ్లీ అడిగింది. భోజనాల దగ్గర మూడోసారి అడిగి, మజ్జిగ గ్లాసు తెచ్చి చేతిలో పెట్టింది.

ఫోటోలు వచ్చాక పిన్నిని తప్పు పట్టలేకపోయాను. విభూది రాసుకున్నట్టున్నాను. ముఖం ఒక రంగు, మెడ ఒక రంగు, చెవులు మూడో రంగు.

అసలు సంగతి ఇప్పుడు. ఆ రాత్రి ఇంటికొచ్చి ముఖం కడిగేసుకుని, పాత వంకాయ రంగు నూలుచీర చుట్టుకుని, మిగిలిన స్వీట్లు డబ్బాల్లో సర్దుతున్నాను. మా ఆడపడుచు కూతురు ఎందుకో ఒక ఫోటో తీసింది. జుట్టు రేగిపోయింది, బొట్టు పక్కకి జరిగింది. కానీ ఆ ఫోటోలో నేను బాగున్నాను. కళ్లలో కళ ఉంది. అంత ఖరీదు పెట్టిన చీరలో రానిది, ఉతికి ఉతికి అంచున పీచు లేచిన చీరలో ఎలా వచ్చింది?

మా ఇంట్లో ఒక చట్టం ఉండేది. నల్లగా ఉన్న పిల్లకి ముదురు రంగులు కొనకూడదు, ఇంకా నల్లగా కనిపిస్తుంది. అక్క తెలుపు. అందుకని సంక్రాంతికి అక్కకి నెమలికంఠం రంగు పట్టుపరికిణీ, నాకు బిస్కెట్ కలర్. అక్కకి మిరపపండు ఎరుపు, నాకు లేత గులాబీ. ముప్పై ఏళ్లు అలా బిస్కెట్ డబ్బాలోనే బతికేశాను. టీవీలో రోజూ వచ్చే ఆ క్రీమ్ కూడా 2020లో తన పేరులోంచి 'ఫెయిర్' తీసేసింది. మా పెద్దమ్మ నోట్లోంచి మాత్రం ఆ మాట ఇంకా పోలేదు.

ఇంటర్నెట్‌లో వెతికితే అండర్‌టోన్, అంటే చర్మం అడుగున ఉండే రంగు జీర, తెలుసుకోమంటున్నారు. మణికట్టు మీద నరాలు ఆకుపచ్చగా ఉంటే వార్మ్ (వెచ్చన), నీలంగా ఉంటే కూల్ (చల్లన) అట. నాకు ఆకుపచ్చే. మా అక్కకీ ఆకుపచ్చే. మా ఆయన్ని కూర్చోబెట్టి చూశాను, ఆయనకీ ఆకుపచ్చే. ఇంకో పరీక్ష, బంగారం నప్పుతుందా వెండి నప్పుతుందా అని. పుట్టి బుద్ధెరిగాక మెడలో వెండి వేసుకున్నదెప్పుడు, నాకెలా తెలుస్తుంది?

మాఘంలో తమ్ముడి పెళ్లి. ఆడపడుచుని కాబట్టి పీటల పక్కనే ఉంటాను, ప్రతి ఫోటోలో పడతాను. నాకు నప్పే రంగులు ఇంట్లోనే తెలుసుకునే దారి ఉందా? మేకప్ మాటేమిటి? ఆ ఉల్లిపొట్టు చీర ఫాల్ కుట్టించి, జిగ్‌జాగ్ కూడా చేయించేశాను. వెనక్కి ఇవ్వడానికి లేదు. దాన్ని ఏం చేయను?

మందారం_మొక్క:

లేత రంగులే కట్టండి. ముఖంలో వెలుగు వస్తుంది. ముదురు రంగులు మన ఛాయవాళ్లకి వద్దు. మా కోడలికీ అదే చెబుతాను.

గోదారిగట్టు:

ముప్పై ఏళ్లుగా చేస్తున్నది అదేనండి. మజ్జిగ గ్లాసు దాకా వచ్చింది.

టూబైటూ:

అమ్మా, నమస్కారం. తెనాలిలో మాది మ్యాచింగ్ సెంటర్. నాన్నగారు పెట్టారు, నేను ఇరవై ఆరేళ్లుగా ఆ బల్ల వెనకే కూర్చున్నాను. చీర తెచ్చి ముందు పడేస్తే జాకెట్టు ముక్క తీయడం నా పని. రోజుకి ఎంతమంది ముఖాలు, ఎన్ని గుడ్డలు చూస్తానో లెక్క లేదు. కాబట్టి నాకు తెలిసింది చెబుతాను. అండర్‌టోన్ గొడవ నాకు తెలియదు.

ముందుగా షాపు అద్దాన్ని నమ్మకండి. అద్దం మంచిదే, దాని మీద పడే లైటే మాయ. పసుపు లైటు కింద గులాబీ రంగు వెచ్చగా కనిపిస్తుంది, తెల్ల ట్యూబులైటు కింద అదే రంగు పాలిపోతుంది. చీరకి అచ్చంగా కలిసింది అనుకున్న ముక్క కూడా బయటికి వెళ్లాక కలవదు. రెండిటి అద్దకం వేరు కాబట్టి ఒక లైటులో జత కుదిరి, ఇంకో లైటులో విడిపోతాయి. మా కొట్టు ముందు మూడు మెట్లున్నాయి. పాత ఖాతాదారులు ముక్క పట్టుకుని నేరుగా మెట్ల మీదకి పోతారు. కొత్తవాళ్లని నేనే పంపిస్తాను.

రెండో సంగతి. మీరు రంగులు పరీక్షించుకోవాలంటే ఎక్కడో డబ్బులు కట్టక్కర్లేదు. మీ ఊళ్లో మ్యాచింగ్ సెంటర్ ఉంటుంది. టూ బై టూ అనే జాకెట్టు గుడ్డ తానులు గోడంతా పేర్చి ఉంటాయి. నా దగ్గర ఒక్క ఎరుపులోనే మిరపపండు, కుంకుమ, దానిమ్మ, టమాటా, ఇటుక, మెరూన్, మెరూన్‌లో మళ్లీ కాఫీ మెరూన్, వైన్ మెరూన్, ఇలా వరస ఉంటుంది. పండగ ముందు, పెళ్లిళ్ల రోజుల్లో వెళ్తే ఎవరూ పట్టించుకోరు. మామూలు రోజు పొద్దున పదకొండులోపు వెళ్లండి. నాలుగు ముక్కలు కొంటానని ముందే చెప్పండి, సంతోషంగా విప్పి చూపిస్తాడు.

వెళ్లేటప్పుడు ముఖానికి పౌడరు కూడా వద్దు. ఆ రోజు పసుపు రాసుకోకండి, అది చర్మం రంగు మార్చేస్తుంది. జుట్టు వెనక్కి లాగి ముడేయండి. కట్టుకున్న చీర రంగు అడ్డం రాకుండా భుజాల మీదుగా తెల్లటి తువ్వాలు కప్పుకోండి. మెట్ల మీదో గుమ్మంలోనో నీడలో నిలబడి, ఎండలో కాదు సుమా, గడ్డం కింద తాను పరిపించుకోండి.

ఇక్కడే అందరూ చేసే తప్పు ఉంది. గుడ్డ వంక చూస్తారు. "అబ్బ, ఎంత బాగుందో" అంటారు. గుడ్డ బాగుందమ్మా, అది మాకు తెలుసు, అందుకే కొట్లో పెట్టాం. మీరు చూడాల్సింది ముఖం. కళ్ల కింద నలుపు పెరిగిందా తగ్గిందా? మూతి చుట్టూ ఉండే నీడ పైకి తేలిందా? దవడ గీత స్పష్టంగా ఉందా, మెడలో కలిసిపోయిందా? ముందు మీ చూపు గుడ్డ మీదకి పోతే ఆ రంగు మిమ్మల్ని కట్టుకుంది. కళ్ల మీదకి పోతే మీరు ఆ రంగుని కట్టుకున్నారు.

ఒకేసారి పది రంగులు చూస్తే కన్ను మొద్దుబారుతుంది. రెండేసి చూడండి. తెలుపు, మీగడ తెలుపు. మిరపపండు, రాణి. నిమ్మపండు పసుపు, మామిడిపండు పసుపు. లావెండర్, వంకాయ. ప్రతి జతలో ఒకటి గెలుస్తుంది. ఆరేడు జతలయ్యేసరికి దారి దొరుకుతుంది. తోడుగా ముఖం మీద నిజం చెప్పే మనిషిని తీసుకెళ్లండి. మీ పిన్నిగారు సరిపోతారు.

ముదురు, లేత అని మీ ఇంట్లో చేసిన విభజనతో చిక్కు ఉంది. లేత రంగులన్నీ ఒకటి కావు. మా నాన్నగారు కొన్నిటిని 'పాలు కలిసిన రంగులు' అనేవారు. ఉల్లిపొట్టు, లావెండర్, పిస్తా, బేబీ పింక్. రంగులో తెలుపు పోసి కలిపినట్టుంటాయి. మీరు చెప్పిన ఛాయకి, నల్లటి జుట్టుకి ఇవే ఎక్కువగా ఎదురు తిరుగుతాయని నా అనుభవం. అదే లేతలో నిమ్మపండు, చిలకపచ్చ లాంటి నిఖార్సైన రంగులు కొందరికి భలే నప్పుతాయి. చూస్తే గానీ చెప్పలేం.

ఉల్లిపొట్టు చీర పారేయకండి. చీర ఐదున్నర మీటర్లున్నా ముఖానికి జానెడు దూరంలో ఉండేది జాకెట్టు, భుజం మీది పైట, అంతే. కుచ్చిళ్ల రంగుతో ముఖానికి పనిలేదు. లోపలి కొంగు చివర ఒక పోగు నిలువుది, ఒకటి అడ్డంది లాగి చూడండి. పట్టుచీరల్లో చాలాసార్లు పడుగు ఒక రంగు, పేక ఇంకో రంగు ఉంటాయి. నెమలికంఠం అనేది అలా నీలం, ఆకుపచ్చ కలిసి పుట్టిందే. ఆ రెండు పోగుల్లో ఏది మీకు పడదో తెలిస్తే, దాన్ని కప్పేసే ముదురు జాకెట్టు వేసుకోవచ్చు. మా ఆవిడకి గంధం రంగు చీరలంటే ప్రాణం, ఒక్కటీ నప్పదు. ఇరవై ఏళ్లుగా జాకెట్లతో నెట్టుకొస్తున్నాం.

కాటుకడబ్బా:

అక్కా, నేను విజయవాడలో పెళ్లికూతుళ్లకి మేకప్ వేస్తాను, తొమ్మిదేళ్లయింది. మీ ఫోటో చూడకుండానే ఆ విభూది ఎలా వచ్చిందో చెప్పగలను. రెండు కారణాలు ఉంటాయి, ఒక్కోసారి రెండూ కలిసి వస్తాయి.

మన చర్మంలో గోధుమతో పాటు ఎరుపు, నారింజ జీర ఉంటుంది. దాని మీద రెండు మెట్లు లేత బీజ్ రంగు ఫౌండేషన్ వేస్తే ఆ జీర కప్పుకుపోయి బూడిద రంగు తేలుతుంది. కళ్ల కింద నలుపు మీద నేరుగా లేత కన్సీలర్, అంటే మచ్చలు కప్పే క్రీమ్, రాసినా అంతే. నలుపు పోదు, నలుపు మీద సున్నం కొట్టినట్టవుతుంది. ముందు నారింజ రంగు కరెక్టర్ చాలా పలచగా, వేలి కొనతో అద్దాలి. నలుపులోని నీలాన్ని నారింజ తినేస్తుంది. ఆ పైన మీ చర్మం రంగు కన్సీలర్ కొద్దిగా. పెళ్లికూతురి తల్లులు నా చేతిలో నారింజ డబ్బా చూసి కంగారు పడతారు. రెండు నిమిషాలాగమంటాను.

రెండోది ఫ్లాష్. కొన్ని సన్‌స్క్రీన్లు, పౌడర్లలో టైటానియం డయాక్సైడ్, జింక్ ఆక్సైడ్ ఉంటాయి. ఇవి వెలుతురుని వెనక్కి కొడతాయి. అద్దంలో బాగానే ఉంటుంది, ఫ్లాష్ పడగానే ముఖం తెల్లగా పేలుతుంది. అందుకని మేకప్ అయ్యాక గదిలో లైటు తీసేసి, ఫోన్‌లో ఫ్లాష్‌తో ఒక ఫోటో తీసుకుని చూడండి. బ్యూటీ మోడ్ ఆపేసి.

ఫౌండేషన్ షేడ్ చేతి మీద రాసి చూడకండి. చేయి ఎండకి కమిలి ఉంటుంది, మణికట్టు లోపలి వైపు తెల్లగా ఉంటుంది, రెండూ ముఖం కావు. మూడు షేడ్లు దవడ మీద నుంచి మెడ మీదకి మూడు గీతలు గీయించుకుని, షాపు బయటికి రండి. పది, పదిహేను నిమిషాలాగండి. గాలి తగిలాక, చర్మం జిడ్డు కలిశాక కొన్ని ఒక మెట్టు నల్లబడతాయి. అప్పుడు ఏ గీత మాయమైపోయిందో అదే మీది. నుదురు, మూతి చుట్టూ ఒక రంగు, బుగ్గలు ఒక రంగు ఉండటం మనలో మామూలే. అందుకే నేను మెడకీ ఛాతీకీ కలుపుతాను. పెళ్లిలో కనిపించేది అంతా కలిపే కదా.

నరాల పరీక్ష గురించి మీ అనుమానం నిజమే. మన ఛాయల మీద దాదాపు అందరివీ ఆకుపచ్చగానే కనిపిస్తాయి. బంగారం పరీక్షా అంతే, అలవాటే గెలుస్తుంది. వెండి చూడాలనిపిస్తే కాలి పట్టీలు తీసి, కడిగి, ఒక చెవి పక్కన పెట్టుకోండి, ఇంకో చెవి పక్కన బంగారు గాజు. నవ్వకండి, నేను కస్టమర్లతో చేయిస్తాను. రెండూ బాగుంటే మీరు మధ్యరకం, న్యూట్రల్. మనలో చాలామంది అదే.

లిప్‌స్టిక్ వేలి కొన మీద రాసి చూడండి, ముంజేతి మీద కాదు. వేలి కొన పెదవి రంగుకి కొంచెం దగ్గరగా ఉంటుంది. టెస్టర్ నేరుగా పెదవికి రాయకండి, పదిమంది రాసుకున్నది. న్యూడ్ అని అమ్మేవాటిలో చర్మం కంటే లేతగా ఉన్నది వేసుకుంటే పెదాలు ఎండిపోయినట్టుంటాయి. మీ పెదవి కంటే ఒకటి, రెండు మెట్లు ముదురు మొదలుపెట్టండి. ఇటుక ఎరుపు, నేరేడు, దానిమ్మ. బుగ్గలకి బేబీ పింక్ వద్దు, పౌడరులా నిలబడిపోతుంది. నారింజ, ముదురు పగడం, నేరేడు, వీటిలో ఒకటి. డబ్బాలో చూస్తే భయం వేస్తుంది, రాసుకున్నాక ముఖానికి రక్తం పట్టినట్టుంటుంది.

ఒక్క మాట. ట్రయల్ వేరే రోజు పెట్టుకోండి, పెళ్లి రోజు పొద్దున్నే కాదు. అదే జాకెట్టు వేసుకుని వెళ్లండి.

చిటికిదారం:

పోచంపల్లి దగ్గర అద్దకం పని మాది. టూబైటూ గారు చెప్పినదానికి చిన్న తోక తగిలిస్తాను.

ఫ్రాన్స్‌లో షెవ్రోల్ అనే రసాయన శాస్త్రవేత్త ఉండేవాడు. పారిస్‌లో గోబెలిన్ అనే పేరున్న నేత కార్ఖానా ఉంది, గోడలకి వేలాడదీసే బొమ్మల తివాచీలు నేసేది. 1824లో ఆయన్ని అక్కడ అద్దకానికి పెద్దగా పెట్టారు. నలుపు సరిగా అంటడం లేదని ఫిర్యాదులు వచ్చేవి. ఆయన చూస్తే అద్దకంలో లోపం లేదు. ఆ నల్ల పోగు పక్కన నేసిన నీలం, ఊదా పోగుల వల్ల నలుపు వెలిసినట్టు కనిపిస్తోంది. పక్క రంగు మారితే అదే పోగు బాగుంది. దాని మీద ఏళ్ల తరబడి పనిచేసి 1839లో పెద్ద గ్రంథమే రాశాడు. మాకూ ఈ ఫిర్యాదు వస్తూనే ఉంటుంది. మేం గ్రంథం రాయలేదు, తిట్లు తిన్నాం.

ముఖమూ ఆ పోగు లాంటిదే. ఆకుపచ్చ పక్కన చర్మంలో ఉన్న ఎరుపు పైకి తేలుతుంది. పక్కనే పాల రంగు ఉంటే చర్మం ఉన్నదానికంటే నల్లగా కనిపిస్తుంది. అంటే లేత రంగు కడితే తెల్లగా కనిపిస్తారన్న మాట తిరగబడింది.

ఇంకో మెలిక ఉంది. మెరిసే పట్టు వెలుతురుని గడ్డం కిందకి విసురుతుంది, తన రంగు కొంచెం ముఖానికి పూస్తుంది. నూలు అంత పూయదు. అందుకే ఒకే రంగు నూలులో నప్పి, పట్టులో నప్పకపోవచ్చు. మీరు పట్టు కట్టేట్టయితే టూ బై టూ తో తేల్చేసుకోకండి, ఒక్కసారి పట్టు ముక్క కూడా పెట్టి చూడండి.

డల్లాస్_వదిన:

నేను ఇక్కడ అమెరికాలో డబ్బులు కట్టి, నప్పే రంగుల్ని బట్టి మనిషికి ఒక ఋతువు పేరు పెట్టే పరీక్ష చేయించుకున్నాను, ఎంత కట్టానో మా ఆయనకి ఇప్పటికీ తెలియదు. కిటికీ పక్కన కుర్చీ, తలకి తెల్లటి గుడ్డ, మీద తెల్లటి కేప్, గడ్డం కింద ఒకదాని తర్వాత ఒకటి రంగు గుడ్డలు. టూబైటూ గారి మెట్ల మీద జరిగేదే, కాకపోతే ఏసీలో.

దీని కథ పాతదే. జర్మనీలో బౌహౌస్ అనే కళాశాలలో పాఠాలు చెప్పిన యోహానెస్ ఇట్టెన్, విద్యార్థులు ఎంచుకునే రంగులకీ వాళ్ల ఒంటి ఛాయకీ సంబంధం ఉందని గమనించాడు. 1980లో అమెరికాలో ఒక పుస్తకం వచ్చాక నాలుగు ఋతువులుగా మనుషుల్ని విడగొట్టడం ఇంటింటికీ పాకింది. తర్వాత నాలుగుని పన్నెండు చేశారు. బంగారు జుట్టు, ఎర్ర జుట్టు, నీలి కళ్లు, పచ్చ కళ్లు ఉన్నచోట పుట్టిన లెక్క అది. మనందరిదీ నల్ల జుట్టు, గోధుమ కళ్లు. తీసుకెళ్లి శీతాకాలంలోనో శరత్తులోనో పడేస్తారు. నన్ను 'డీప్ ఆటమ్' అన్నారు. మా చెల్లిని 'డీప్ వింటర్' అన్నారు. ఇద్దరం ఒకరి చీరలొకరు కట్టుకుని పెరిగాం, ఎవరూ ఏమీ అనలేదు.

దండగ అని మాత్రం అనను. ఆవిడ ఒక మంచి పని చేసింది. నా ముఖం ఫోటోని నలుపు తెలుపు చేసి చూపించింది. జుట్టు, కనుబొమలు, చర్మం మధ్య ఎంత తేడా ఉందో అందులో తెలిసిపోతుంది. తేడా ఎక్కువున్నవాళ్లకి ముదురు చీర, మెరిసే అంచు లాంటి కొట్టొచ్చే జతలు బాగుంటాయట. తక్కువున్నవాళ్లకి ఒకే రంగులో దగ్గరదగ్గర ఛాయలు. ఇది ఫోన్‌లో ఉచితంగా చేసుకోవచ్చు.

మేకప్ కొనేటప్పుడు డబ్బా మీద అంకె పక్కన ఇంగ్లిష్ డబ్ల్యూ, ఎన్, సీ అక్షరాలు ఉంటే చూసుకోండి, వెచ్చన, మధ్యరకం, చల్లన అని. అన్ని కంపెనీలూ ఒకేలా రాయవు. 2017లో ఫెంటీ బ్యూటీ అనే మేకప్ కంపెనీ 40 ఫౌండేషన్ షేడ్లతో వచ్చాక మిగతావాళ్లూ ముదురు షేడ్లు పెంచారు. నేను 2009లో వచ్చినప్పుడు మందుల షాపులో నా రంగు సీసా దొరక్క రెండు కలిపి రాసుకునేదాన్ని.

నీళ్లకావిడి:

ఇవన్నీ ఆడవాళ్లకేనా? నాకు అందరూ తెల్ల చొక్కాలే పెడుతున్నారు.

టూబైటూ:

మీకూ అంతే బాబూ. ముఖానికి దగ్గరుండేది కాలర్. తెలుపు ఒకటి, మీగడ తెలుపు ఒకటి మెడ దగ్గర పెట్టుకుని గుమ్మంలో చూసుకోండి. మగవాళ్లతో హాయి, రెండు నిమిషాల్లో తేల్చేస్తారు.

గోదారిగట్టు:

మూడు వారాలైంది, వచ్చి చెప్పకపోతే బాగుండదు.

పిన్నిని వెంటబెట్టుకుని మంగళవారం పొద్దున మెయిన్ రోడ్డులో ఒక మ్యాచింగ్ సెంటర్‌కి వెళ్లాను. తువ్వాలు సంచిలో పెట్టుకుని వెళ్లానని కొట్టాయనకి చెప్పడానికి సిగ్గేసింది. పిన్ని చెప్పేసింది. ఆయన నవ్వలేదు. స్టూలు తెచ్చి గుమ్మం పక్కన వేయించి, పనిచేసే అమ్మాయిని పిలిచి తానులు ఇచ్చాడు. దారిన పోయేవాళ్లు నాకేదో క్షవరం చేస్తున్నారనుకుని ఉంటారు.

తెలుపు, మీగడ. పిన్ని వెంటనే "మీగడ" అంది. నాకు తేడా తెలియలేదు. నిమ్మపండు, మామిడిపండు. ఈసారి నాకూ తెలిసింది. నిమ్మపండు పెట్టగానే మూతి చుట్టూ మీసంలా నీడ వచ్చింది. మామిడిపండు పెడితే పోయింది. లావెండర్ పెట్టిన క్షణం పిన్ని "ఇదే, ఇదే, ఆ రోజు ఇలాగే ఉన్నావు" అని అరిచింది. వంకాయ పెడితే అంతా సర్దుకుంది.

బాటిల్ గ్రీన్ దగ్గర ఆగిపోయాను. లిప్‌స్టిక్ లేదు, ఏమీ లేదు, పెదాలకి రంగు వచ్చింది. ఆ అమ్మాయి కూడా "మేడమ్, చూడండి" అని ఫోన్ తీసి చూపించింది. చిటికిదారం గారు చెప్పింది అప్పుడు అర్థమైంది. కనకాంబరం రంగు నేనెప్పుడూ కొనను, ఊరికే పెట్టమన్నాను. బాగుంది. రాణి కూడా బాగుంది. వార్మ్ అయితే రాణి నప్పకూడదట కదా, మరి నప్పింది. నా లెక్కలో వెచ్చన, చల్లన కంటే పాలు కలిసిందా లేదా అన్నదే తేల్చింది.

చీర పట్టుకెళ్లాను. కొట్టాయన కొంగు చివర రెండు పోగులు లాగి నా అరచేతిలో పెట్టాడు. ఒకటి గులాబీ. ఇంకొకటి బూడిద రంగు. అచ్చమైన బూడిద. విభూది మేకప్‌లోనే కాదు, నేతలోనూ ఉందన్నమాట. నాలుగు వంకాయ ముక్కలు పెట్టి చూసి, కొంచెం ఎరుపు జీర ఉన్నది తీశాను, మోచేతుల దాకా చేతులు పెట్టించాను. పట్టు ముక్క కూడా చూడమన్నారు కదా, చూశాను, పట్టులో వంకాయ ఇంకా బాగుంది.

ఇంటికొచ్చి బీరువా తెరిచి బిస్కెట్ రంగువి లెక్కపెట్టాను. పదకొండు. వాటికి జాకెట్లు మారుద్దామనుకుంటున్నాను, టూబైటూ గారి ఆవిడ పద్ధతిలో. మేకప్ ట్రయల్ పుష్యం వెళ్లాక. నారింజ కరెక్టర్ కొన్నాను. మొదటిసారి ఎక్కువ రాసేసి ఆవకాయ అంటినట్టు కూర్చున్నాను. రెండోసారి కుదిరింది.

మొన్న కార్తీకంలో పిన్ని ఇంట్లో సత్యనారాయణ వ్రతానికి ఆ ఉల్లిపొట్టు చీరే కట్టుకుని వెళ్లాను, వంకాయ జాకెట్టుతో. ఆ జాకెట్టు దగ్గరుండి కొనిపించింది పిన్నే కదా, ఏమంటుందోనని గుమ్మంలో నిలబడ్డాను. ప్రసాదం పళ్లెం పట్టుకుని పైనుంచి కిందకి చూసింది. ఒంట్లో బాలేదా అని అడగలేదు.

"కొంచెం ఒళ్లు చేశావే" అంది.